ఉమ్మడి నల్గొండ, పాలమూరు వ్యాపారులకు బహిరంగ లేఖ: మీ వెబ్‌సైటు ఎవరెవరిని వెనక్కి పంపుతోంది?

వస్త్ర వ్యాపారులకు, చేనేత సహకార సంఘాల పాలకవర్గాలకు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్ళు, డయాగ్నస్టిక్ సెంటర్లు నడుపుతున్న యజమానులకు నమస్కారం.

మీలో చాలామంది సొంత వెబ్‌సైట్లు పెట్టుకున్నారు. పోచంపల్లి ఇక్కత్, గద్వాల చీర, నారాయణపేట చీర ఇప్పుడు ఫోన్‌లోనే అమ్ముడుపోతున్నాయి. నాగార్జునసాగర్‌లో గది కావాలన్నా, మిర్యాలగూడలో పెళ్ళికి హాలు కావాలన్నా జనం ముందు ఫోనే తీస్తున్నారు. ఆ సైటు మీద డబ్బు పెట్టింది మీరు. వికలాంగులకు, ముసలివాళ్ళకు వాడటం కష్టమై అందులో గిరాకీ ఎక్కడెక్కడ జారిపోతోందో చెప్పడానికే ఇది రాస్తున్నాం. వికలాంగుల మీద దయ చూపమని అడగడం మా ఉద్దేశం కాదు.

దుకాణానికి వచ్చి కొనకుండా పోయిన మనిషి మీ కంటపడతాడు. ఏం నచ్చలేదని అడుగుతారు, ఇంకో రకం తీసి చూపిస్తారు. సైటులోకి వచ్చి, బటన్ దొరక్క, అక్షరాలు ఆనక, ఓటీపీ గడువు దాటిపోయి వెళ్ళిపోయినవాళ్ళు ఎవరికీ కనబడరు. ఫిర్యాదు కూడా చేయరు, ఇంకో సైటుకు పోతారు. మీ లెక్కల్లో అది 'కార్ట్‌లో వేసి వదిలేసినవి' అనే ఒక అంకెగా మిగులుతుంది. ధర ఎక్కువైందేమో అనుకుని మీరు డిస్కౌంట్ పెంచుతారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది, అంటే 2.21 శాతం. అప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల జనాభా కలిపి 75 లక్షలు. దేశ సగటే వేసుకున్నా మన రెండు జిల్లాల్లో లక్షా అరవై వేలు దాటుతారు. ఆ లెక్కల్లో ఎనిమిది రకాల వైకల్యాలే అడిగారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తిస్తుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు బిగుసుకున్నవాళ్ళ సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. మంచి నీళ్ళు వచ్చినంత మాత్రాన వంగిన వేళ్ళు తిరిగి చాపుకోవు. ఆ వేళ్ళతో ఫోన్ మీద చిన్న గుర్తును సరిగ్గా నొక్కడం చాలా కష్టం. పైగా నలభై దాటితే ఎవరికైనా చత్వారం వస్తుంది. బిడ్డ పెళ్ళికి పట్టుచీరలు, హాలు ఎంచుకునే వయసు సరిగ్గా అదే.

'వాళ్ళేం కొంటారు' అన్న మాట కూడా వింటుంటాం. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది. బడిలో, బ్యాంకులో, కలెక్టరేటులో జీతం తీసుకునే అంధులు, బధిరులు ఉన్నారు. ఇంట్లో ఒకరు వాడలేని సైటును మిగతావాళ్ళూ వదిలేస్తారు. పైగా బజారుకు పోవడం కష్టమైనవాళ్ళే ఆన్‌లైన్‌లో కొనాలని ఎక్కువగా చూస్తారు.

బ్రిటన్‌లో టెస్కో అనే పెద్ద దుకాణాల సంస్థ 2001లో అంధులు వాడగలిగే సైటు కోసం 35 వేల పౌండ్లు పెట్టిందనీ, దానిమీద ఏడాదికి కోటీ ముప్పై లక్షల పౌండ్ల అమ్మకాలు వచ్చాయనీ ఈ రంగంలో తరచూ ఉదహరిస్తారు. ఆ అంకె చూపించి మిమ్మల్ని ఆశపెట్టం. అది పాత లెక్క, దేశమంతా దుకాణాలున్న సంస్థది. మీ సైటు ఇప్పటికే ఎంతమందిని పోగొడుతోందన్నదే మీకు పనికొచ్చే లెక్క. దాన్ని మీరే ఒక పూటలో తేల్చుకోవచ్చు.

ముందు మౌస్ వైరు పీకేయండి. హోం పేజీ తెరిచి ట్యాబ్ కీతో ముందుకు జరుగుతూ, ఎంటర్ కీతో ఎంచుకుంటూ పోండి. ఒక చీర ఎంచుకుని, కార్ట్‌లో వేసి, చిరునామా నింపి, చెల్లింపు పేజీ దాకా వెళ్ళగలగాలి. నొక్కిన ప్రతిసారీ ఇప్పుడు ఎక్కడున్నామో చూపించే గీత బటన్ చుట్టూ కనబడాలి. చాలా సైట్లలో అది కనబడదు. అందంగా లేదని డిజైనర్ ఒక్క లైన్ కోడ్‌తో తీసేసి ఉంటాడు. ఆ లైను తొలగిస్తే మళ్ళీ వస్తుంది. రెండో తప్పు దీనికంటే పెద్దది. బటన్‌ను బటన్‌గా కాకుండా కోడ్‌లో డివ్ అనే ఉత్త పెట్టెగా రాసి, మౌస్ క్లిక్ మాత్రమే తగిలిస్తారు. చూడ్డానికి బటన్‌లాగే ఉంటుంది, కీబోర్డు మాత్రం దాన్ని దాటి వెళ్ళిపోతుంది. చేతులు వణికేవాళ్ళు, మౌస్ పట్టలేనివాళ్ళు, అంధులు అందరూ అక్కడే ఆగిపోతారు. మూడోది ఆఫర్ పాపప్. తెరుచుకున్నాక కీబోర్డు దాని వెనకాల పేజీలో తిరుగుతుంటుంది, మూసే గుర్తు దాకా రాదు. ఎస్కేప్ కీ నొక్కితే మూసుకునేలా చేయించండి.

తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకోండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టాక్‌బ్యాక్. అది స్క్రీన్ రీడర్, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఆన్ చేసే ముందే ఎలా ఆపాలో తెలుసుకోండి, లేకపోతే ఫోన్ పాడైందని బెంబేలెత్తుతారు. అది ఆన్‌లో ఉన్నంతసేపు ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది, పేజీ జరపాలంటే రెండు వేళ్ళు కావాలి. వేలితో కుడివైపుకు జరుపుతూ మీ సైటు వినండి. కార్ట్ గుర్తు దగ్గర 'బటన్' అని మాత్రమే వినబడితే దానికి పేరు పెట్టలేదని అర్థం. కంప్యూటర్‌లో అయితే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్ మీద నడుస్తుంది, దానితోపాటు వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది.

ఫోటోల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, మీ వ్యాపారం నడిచేదే వాటి మీద. నేతగాడి దగ్గర్నుంచి ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, అదే పేరుతో సైటులోకి ఎక్కుతుంది. అప్పుడు అంధ కొనుగోలుదారుకు వినబడేది 'వాట్సాప్ ఇమేజ్', ఆ వెంట తేదీ, గంట, నిమిషం. ప్రతి ఫోటోకూ ఆల్ట్ టెక్స్ట్ అనే చిన్న వివరణ రాసే పెట్టె ఉంటుంది. అందులో 'చీర' అని రాసినా, 'అందమైన గద్వాల పట్టుచీర బెస్ట్ ప్రైస్ హైదరాబాద్' అని సెర్చ్ మాటలు కుక్కినా లాభం లేదు. కొట్లో కౌంటరు మీద చీర పరిచి ఫోన్‌లో ఉన్నవాళ్ళకు ఏం చెబుతారో అదే రాయండి: 'గద్వాల చీర, చిలకపచ్చ నూలు బాడీ, వంగపండు రంగు పట్టు అంచు, అంచు మీద జరీ కోటకొమ్మ, కొంగు కూడా వంగపండు రంగే'. పోచంపల్లిదైతే చిటికీ డిజైన్ ఏమిటో, గళ్ళా, రేఖలా, ఏనుగులా, అదీ చెప్పాలి. ఒకే చీరకు ఐదు ఫోటోలుంటే అదే వాక్యం ఐదుసార్లు వద్దు. మొదటిదానికి పూర్తి వివరణ, రెండోదానికి 'కొంగు దగ్గర్నుంచి', మూడోదానికి అంచు వెడల్పు, ఇలా. పేజీ అలంకారానికి వేసిన పూలతీగలకు ఆల్ట్ టెక్స్ట్ ఖాళీగా ఉంచాలి. ఖాళీగా ఉంచడం వేరు, అసలు ఆ పెట్టే లేకపోవడం వేరు. పెట్టె లేకపోతే ఫైలు పేరు చదివే ప్రమాదం ఉంది.

ఫోటోకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఫలితం అంధులకే పరిమితం కాదు. గూగుల్ బొమ్మను అర్థం చేసుకోవడానికి వాడే ఆధారాల్లో ఆల్ట్ టెక్స్ట్ ఒకటి, కాబట్టి బొమ్మల వెతుకులాటలో మీ చీర దొరికే అవకాశం పెరుగుతుంది. రంగు పేరు మాటల్లో ఉంటే, ఫోన్ తెర మీద మెరూన్‌లా కనబడిన చీర ఇంటికొచ్చాక వంగపండు రంగులో ఉందని వాపసు పంపేవాళ్ళు తగ్గుతారు. రంగు ఎంచుకునే చిన్న గుండ్రాల పక్కన కూడా పేరు రాయండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు మనం అనుకునేదానికన్నా ఎక్కువే.

అక్షరాల రంగు సంగతి. తెల్లటి పేజీ మీద లేత బూడిద అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. వెబ్‌సైట్లు వికలాంగులు కూడా వాడగలిగేలా ఉండటానికి ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కు 1. తెలుపు మీద #999999 అనే కోడున్న బూడిద రంగుకు వచ్చేది 2.85. #767676 వేస్తే 4.54, నెగ్గుతుంది. రెంటికీ కంటికి కనబడే తేడా కొంచెమే, ఎండలో నిలబడి చూస్తే మాత్రం చాలా తేడా. తెలుపు మీద బంగారు రంగు అక్షరాలు మన వస్త్ర దుకాణాలకు మరీ ఇష్టం. దాని నిష్పత్తి దాదాపు 1.4. అది దాదాపు లేనట్టే. బంగారు రంగు కావాలంటే ముదురు మెరూన్ మీద వేయండి. ఈ మార్పు సైటు స్టైల్ ఫైలులో ఒకచోట చేస్తే అన్ని పేజీలకూ పాకుతుంది. ఖర్చు దాదాపు లేదు, అందుకే దీన్ని మొదట చేయించండి.

బటన్ల సైజు కూడా అప్పుడే చూడండి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రకారం నొక్కే చోటు కనీసం 24కు 24 పిక్సెళ్ళు ఉండాలి. ఆండ్రాయిడ్‌కు గూగుల్ సూచించేది 48. వేళ్ళు వంగినవాళ్ళు కూడా మీ గిరాకీలో ఉన్నారు కాబట్టి రెండోదే పెట్టుకోండి.

తెలుగులో సైటు పెట్టినవాళ్ళకు ప్రత్యేకంగా మూడు సంగతులు. మొదటిది, డీటీపీ సెంటర్లో 'అను' అనే పాత రకం ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్‌ను అలాగే అతికిస్తే తెర మీద తెలుగులా కనబడినా లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. చదివే సాఫ్ట్‌వేరుకూ గూగుల్‌కూ అదే దొరుకుతుంది. అందుకే అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి పెట్టాలి. పోస్టర్‌ను బొమ్మగా పెట్టడం కూడా ఇలాంటిదే. ధర, ఆఫర్ చివరి తేదీ బొమ్మ పక్కన అక్షరాల్లో కూడా ఉండాలి. రెండోది, పేజీ భాష ఏదో చెప్పే లాంగ్ అనే గుర్తు. టెంప్లేట్‌లో ఇంగ్లీషు అని ఉన్నది ఎవరూ మార్చరు. దానివల్ల తెలుగు పేజీని ఇంగ్లీషు గొంతు చదవబోయి ముక్కలు చేస్తుంది లేదా మౌనంగా ఉండిపోతుంది. మూడోది, ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా లైను ఎత్తు పెడితే మన ఒత్తులు కింద తెగిపోతాయి. పేజీని పెద్దది చేసినప్పుడు ఇది ఇంకా బయటపడుతుంది. లైను ఎత్తు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచి, పెట్టెలకు ఎత్తు బిగించకుండా వదిలేయండి. కంట్రోల్, ప్లస్ కీలతో 400 శాతం దాకా పెంచి చూడండి. అప్పుడు కూడా పక్కకు జరుపుకోకుండా చదవగలగాలి.

చెల్లింపు దగ్గర పోయే గిరాకీ అన్నిటికన్నా ఖరీదైనది, అప్పటికే కొనాలని నిర్ణయించుకున్న మనిషి అతను. పేరు, ఫోన్, పిన్‌కోడ్ పెట్టెల్లో లేత అక్షరాలతో సూచన రాసి సరిపెడతారు. టైపు చేయగానే అది మాయమవుతుంది, ఏ పెట్టెలో ఏం రాస్తున్నామో గుర్తుండదు. ప్రతి పెట్టె పైన శాశ్వతంగా పేరుండాలి, కోడ్‌లో ఆ పేరు ఆ పెట్టెకు ముడిపడాలి. తప్పు జరిగితే పెట్టె అంచు ఎర్రబడటం చాలదు. 'పిన్‌కోడ్‌లో ఆరు అంకెలుండాలి, మీరు ఐదే వేశారు' అని మాటల్లో చెప్పాలి. ఓటీపీని ఆరు వేరువేరు గడుల్లో అడగడం మానేసి ఒకే పెట్టె పెట్టండి. మెసేజ్ నుంచి తనంతట తాను నిండేలా, కాపీ చేసి అతికించేలా వదలండి. ముప్పై సెకన్ల గడువు మీ సైటు పెట్టిందే అయితే పెంచండి. మెసేజ్ విని, గుర్తుపెట్టుకుని, వెనక్కి వచ్చి టైపు చేయడానికి టైము పడుతుంది. వంకర అక్షరాల క్యాప్చా ఉంటే తీసేయండి. అది రోబోల కంటే ఎక్కువగా ముసలివాళ్ళను ఆపుతుంది.

యూపీఐకి క్యూఆర్ కోడ్ బొమ్మ ఒక్కటే పెట్టే సైట్లున్నాయి. కొనేవాళ్ళు ఏ ఫోన్‌లో చూస్తున్నారో అదే ఫోన్‌తో దాన్ని నేరుగా స్కాన్ చేయలేరు, ఇది కళ్ళున్నవాళ్ళకూ ఇబ్బందే. నేరుగా యూపీఐ యాప్ తెరిచే బటన్, కాపీ చేసుకునేలా యూపీఐ ఐడీ అక్షరాల్లో, రెండూ పెట్టండి. చెల్లింపు గేట్‌వే పేజీ మీ చేతిలో ఉండదు, దాన్ని ఎంచుకోవడం మీ చేతిలోనే ఉంది. వికలాంగులు వాడుకునేలా డిజిటల్ చెల్లింపు వ్యవస్థలను సమీక్షించుకోవాలని రిజర్వ్ బ్యాంక్ 2024 అక్టోబరులోనే సూచించింది. ఒప్పందానికి ముందు ఆ సంగతి అడగండి.

చెవులు వినబడనివాళ్ళ మాట చిన్నదే, అయినా దాదాపు అందరూ తప్పుతున్నది ఇక్కడే. 'వివరాలకు ఫోన్ చేయండి' అని నంబరొక్కటే రాస్తారు. దాని పక్కన వాట్సాప్ లింకు పెట్టండి. ఆర్డరు ఫారంలో 'ఫోన్ వద్దు, మెసేజ్ చేయండి' అనే టిక్కు పెట్టి, ఆ మాట డెలివరీ చీటీ మీద పడేలా చూడండి. లేకపోతే డెలివరీ కుర్రాడు మూడుసార్లు ఫోన్ చేసి సరుకు వెనక్కి తెస్తాడు, రానూ పోనూ ఖర్చు మీదే. చీర కట్టు వీడియోలకు మాటలు కింద అక్షరాల్లో రావాలి. బస్సులో శబ్దం ఆపి చూసేవాళ్ళకు కూడా అదే ఆధారం.

లాడ్జీలు, హాళ్ళవాళ్ళు సైటులో రాయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మెట్లెన్ని, ర్యాంపు ఉందా, బాత్రూం తలుపు వెడల్పు ఎన్ని అంగుళాలు, లిఫ్టు ఏ అంతస్తు దాకా. 'వికలాంగులకు అనుకూలం' అనే ఒక్క ముక్క ఎవరూ నమ్మరు. యాదగిరిగుట్టకు, అలంపురానికి ముసలి తల్లిదండ్రులను తీసుకొచ్చేవాళ్ళు ఈ అంకెల కోసమే ఫోన్లు చేస్తుంటారు. తేదీ ఎంచుకునే క్యాలెండర్ చాలా సైట్లలో కీబోర్డుకు లొంగదు, పక్కనే తేదీ టైపు చేసే పెట్టె ఉంచండి. ల్యాబుల వాళ్ళు రిపోర్టును స్కాన్ చేసి బొమ్మగా పంపకుండా, కంప్యూటర్ నుంచి నేరుగా పీడీఎఫ్ తీసి ఇస్తే చాలు.

ఇంత పని ఎందుకు, ఒక లైను కోడ్ అతికిస్తే మూలన వీల్‌చైర్ గుర్తు వస్తుంది, సైటు మొత్తం బాగైపోతుంది అని అమ్మేవాళ్ళు వస్తారు. కొనకండి. కార్ట్ బటన్ పేరు, ఫోటో వివరణ ఆ గుర్తు సరిగ్గా ఊహించలేదు. పైగా అంధుడి ఫోన్‌లో ముందే ఉన్న సాఫ్ట్‌వేరుతో అది తగాదా పడుతుంది. అలాంటి ఒక కంపెనీ చేసిన అబద్ధపు ప్రచారం మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో పది లక్షల డాలర్లు కట్టించే ఉత్తర్వు ప్రకటించింది. లైట్‌హౌస్, వేవ్ లాంటి ఉచిత పరీక్ష సాధనాలు వాడండి, మార్కులు చూసి మురిసిపోకండి. ఫోటో వివరణలో 'బొమ్మ' అని రాసినా యంత్రం పాస్ చేస్తుంది. తప్పులు మన ఒక్కరివే కావు. వెబ్‌ఎయిమ్ సంస్థ 2025లో పది లక్షల హోం పేజీలను యంత్రంతో పరీక్షిస్తే 94.8 శాతంలో తప్పులు దొరికాయి. వాటిలో అత్యధికం ఆరు రకాలవే: తేలిపోయే రంగులు, వివరణ లేని ఫోటోలు, పేరు లేని ఫారం గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష చెప్పని పేజీలు. ముందే బాగుచేసుకున్నవాళ్ళకు పోటీ తక్కువన్నమాట.

చట్టం గురించి రెండు ముక్కలు. సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని చెప్పే 2016 వికలాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. 89వ సెక్షన్ కింద మొదటి తప్పుకు పదివేల దాకా, మళ్ళీ చేస్తే యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. యూరప్‌కు నేరుగా అమ్మే చేనేత సంస్థలు ఇంకొకటి గమనించాలి. అక్కడి యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి ఆన్‌లైన్ అమ్మకాలకు అమల్లోకి వచ్చింది. పదిమంది కన్నా తక్కువ పనివాళ్ళు, ఇరవై లక్షల యూరోల లోపు టర్నోవరు ఉన్న సంస్థల సేవలకు మినహాయింపు ఉంది. అయినా అక్కడి పెద్ద కొనుగోలుదారు మిమ్మల్ని అడగవచ్చు.

కొత్త సైటు చేయిస్తున్నా, పాతదానికి ఏడాది మెయింటెనెన్స్ రాసుకుంటున్నా ఒప్పంద పత్రంలో ఈ వాక్యం పెట్టండి: 'హోం పేజీ నుంచి చెల్లింపు పూర్తయ్యేదాకా మౌస్ లేకుండా, టాక్‌బ్యాక్‌తో, 400 శాతం జూమ్‌లో పని చేయాలి. డబ్ల్యూసీఏజీ 2.2 ఏఏ స్థాయి పాటించాలి. మా ఎదుట పరీక్ష జరిగాకే చివరి విడత చెల్లిస్తాం.' ఏఏ అంటే ఆ ప్రమాణంలోని మూడు స్థాయిల్లో నడిమిది. వర్డ్‌ప్రెస్ సైటు అయితే థీమ్ వెతికేటప్పుడే 'యాక్సెసిబిలిటీ రెడీ' అనే వడపోత ఉంది, దానితో మొదలుపెడితే సగం పని తగ్గుతుంది. ఉన్న సైటును మొదట్నుంచి తిరగరాయించనక్కర్లేదు. ఎక్కువ అమ్ముడయ్యే ఇరవై చీరల పేజీలు, కార్ట్, చెల్లింపు పేజీ ముందు బాగుచేయించి, మిగతావి కొత్త సరుకు ఎక్కించేటప్పుడు సరిచేసుకుంటూ రండి.

సైటు ఒకసారి బాగైనా మళ్ళీ పాడయ్యేది దసరా, బతుకమ్మ ఆఫర్ల ముందే. హడావుడిగా తిరిగే బ్యానరు, ఆపే బటన్ లేకుండా ఎక్కుతుంది. కొత్త కుర్రాడు ఫోటోలు పేర్లు లేకుండా ఎక్కిస్తాడు. ఫోటోలు ఎక్కించేవాళ్ళకు ఒక పూట నేర్పించండి, పండుగకు పదిహేను రోజుల ముందు ట్యాబ్ కీ పరీక్ష మళ్ళీ చేయండి. చివరి పరీక్ష మాత్రం రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషి చేతే చేయించండి. మీ జిల్లాలోనే దొరుకుతారు. డిజైనరుకు, ఫోటోగ్రాఫరుకు ఇచ్చినట్టే వాళ్ళకూ డబ్బివ్వాలి, ఎంతన్నది పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి.

ఇట్లు,
వెబ్‌సైట్లు పరీక్షించే పనిలో ఉన్న కొందరం